శాలువాలు చాలు, ఒక బొంత కుడదాం



వచ్చే సర్వసభ్య సమావేశంలో పిల్లల వేసవి శిబిరం గురించి మాట్లాడుకోబోతున్నాం. ప్రతి ఏడు లాగే డ్రాయింగు, డ్యాన్సు, శ్లోకాలు, ఒకరోజు యోగా అని పట్టిక తయారైంది. వాటితో నాకు పేచీ లేదు. కానీ ఆ పట్టికలో ఇంకొక్కటి చేర్చమని కార్యవర్గానికి రాసిచ్చాను. పిల్లలకు చేతికుట్టు నేర్పాలి, చివరికి అందరితో కలిపి ఒక బొంత కుట్టించాలి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ కలిపే. అది చదివి కొందరు నవ్వారు. ఒకరిద్దరికి కోపం వచ్చింది. ఒక పెద్దాయన ఫోన్ చేసి "నీకు వేరే పనేం లేదా తమ్మీ?" అన్నాడు. ఫోనులో చెప్పేంత చిన్న సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడవే, ఓపిక చేసుకొని చదవండి.

మన షోలాపూర్ తెలుగువాళ్లకు బట్ట గురించి ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ వైపు నుంచి మన ముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూనే ఇక్కడికి వచ్చారు. మొదట చేనేత చీరలు. తర్వాత పవర్‌లూములు, వాటి వెంట చద్దర్లు, టవళ్లు. షోలాపూర్ చద్దరుకూ టెర్రీ టవలుకూ భౌగోళిక గుర్తింపు దక్కిందంటే అందులో మన ఇళ్ల చెమట ఎంతుందో మనకు తెలుసు. మిల్లులు మూతబడ్డాయి, మగ్గాలు తగ్గాయి, ఇప్పుడు యూనిఫాంలు కుట్టే కార్ఖానాలు పెరిగాయి. మొత్తానికి తరతరాలుగా మన పొయ్యి బట్ట మీదే వెలిగింది.

అలాంటి ఇళ్లలో పుట్టిన పిల్లవాడు చొక్కా గుండీ ఊడితే ఏం చేస్తున్నాడు? సేఫ్టీ పిన్ను పెట్టుకుంటున్నాడు. ప్యాంటు కింది మడత ఊడితే స్టేప్లర్ కొట్టుకొని బడికి పోయిన పిల్లవాణ్ణి నేను చూశాను. వాడి ముత్తాత పడుగులో తెగిన పోగును చీకట్లో వేళ్లతో తడిమి అతికేవాడు. మునిమనవడికి సూదిలో దారం ఎక్కించడం రాదు. ఇందులో పిల్లవాడి తప్పు ఏమీ లేదు. ఎవరూ నేర్పలేదు, అంతే.

బొంత ఎందుకు అంటారా? చెప్తాను.

మనం బొంత అంటాం. మన మరాఠీ ఇరుగుపొరుగు గోధడి అంటారు, పల్లెల్లో వాకళ్ అని కూడా అంటారు. కర్ణాటకలో ఉన్న మన బంధువులకు అది కౌది. ఒడిశాలో ఉన్నవారికి కంథా అనే మాట తెలుసు. పేరు ఏదైనా పద్ధతి ఇంచుమించు ఒకటే. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు తీసుకుంటారు. అడుగున ఒక చీర పరుస్తారు. మధ్యలో చిరిగినవీ చిన్నవీ ఎగుడుదిగుడు లేకుండా పేరుస్తారు. పైన ఇంకో చీరో, అతుకులు కలిపి కుట్టిన బట్టో కప్పుతారు. ముడతలు తీసి, నాలుగు మూలలా ఏదైనా బరువు పెట్టి, బట్ట జరగకుండా ముందు పెద్ద పెద్ద కచ్చా టాకాలు వేస్తారు. తర్వాత అసలు కుట్టు మొదలవుతుంది. సూదిని కిందికి ముంచుతూ పైకి తేలుస్తూ వరసకు వరస. మరాఠీలో దాన్ని ధావ్‌దోరా అంటారు, పరుగెత్తే దారం అని. కుట్టుల్లో అన్నిటికన్నా తేలికైంది అదే. ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఒక్క పూటలో నేర్చుకుంటుంది. కానీ వంకర పోకుండా, బిగువు తప్పకుండా బొంత ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడపాలంటే మాత్రం మనసు అక్కడ పెట్టాలి.

బొంతకు మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, కొత్త బట్ట అసలే అక్కర్లేదు. నేల మీద చాప, నలుగురు మనుషులు ఉంటే చాలు. నలుగురూ నాలుగు వైపులా కూర్చొని కుట్టొచ్చు. అందులో ఒకరు డెబ్భై ఏళ్లవారు, ఒకరు తొమ్మిదేళ్లవారు అయినా పని ఆగదు. మన శిబిరంలో ఇంకే అంశంలోనైనా ఈ ఇద్దరూ ఒకే పని మీద కూర్చునే వీలుందా? డ్యాన్సులో లేదు, డ్రాయింగులో లేదు. పెద్దవాళ్లు కుర్చీల్లో కూర్చొని చప్పట్లు కొట్టాలి, అంతే.

ఇప్పుడు భాష సంగతి. ప్రతి సమావేశంలో మనం "పిల్లలకు తెలుగు రావట్లేదు" అని బాధపడతాం. తీర్మానం చేస్తాం. తెలుగు తరగతి పెడతాం. మొదటి ఆదివారం ఇరవై మంది వస్తారు, నాలుగో ఆదివారానికి పంతులుగారొక్కరే మిగులుతారు. ఎందుకంటే బడిలో మరాఠీ, సెమీ ఇంగ్లిషు, హిందీ చదివి వచ్చిన పిల్లకు సెలవునాడు ఇంకో అక్షరమాల పెట్టాం. ఆ పిల్లకు అది నాలుగో సబ్జెక్టు.

కుట్టు దగ్గర కూర్చుంటే తెలుగు సబ్జెక్టుగా రాదు, పనితో పాటు వస్తుంది. మన నానమ్మలు వాడే మాటలు చూడండి. బట్ట చిరిగింది వేరు, కుట్టు పిగిలింది వేరు, అంచు నలిగింది వేరు, రంగు వెలిసింది వేరు. మన పిల్లలకు చాలాసార్లు ఇవన్నీ కలిపి ఒక్కటే మాట, "ఫాటలా". సూది బెజ్జం, పోగు, పేట, పురి, చిక్కు, ముడి, కొస, అంచు, కొంగు, మడత, మాసిక, అతుకు. ఈ మాటలు పుస్తకంలో చదివితే రెండు రోజుల్లో మరిచిపోతారు. "ఒంటి పేట చాలదు, రెండు పేటలు ఎక్కించు" అని నానమ్మ అంటే పిల్ల చేసి చూపించాలి కాబట్టి ఆ మాట చేతికి అంటుకుంటుంది. జాన, మూర, బార కూడా అంతే. దారం ఎంత తీసుకోవాలి? మూరెడు, మోచేతి నుంచి వేలి కొస దాకా. అంతకన్నా పొడవైతే చిక్కుపడుతుంది, ప్రతి కుట్టుకూ చెయ్యి ఆకాశానికి చాపాల్సి వస్తుంది. ఒక్కసారి చిక్కు పడ్డాక మూర అంటే ఎంతో ఆ పిల్ల జన్మలో మరిచిపోదు.

ఈ మాటలు నేర్పగలిగినవాళ్లు మనలో ఎంతమంది మిగిలారో ఒకసారి మీ వీధిలో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. నేను మా వీధిలో లెక్కపెట్టాను, ఒక చెయ్యి సరిపోయింది. వాళ్లలో ఒకావిడకు కళ్లు మసకబారాయి. సూదిలో దారం మనవరాలు ఎక్కించి ఇస్తే కుట్టు మాత్రం ఇప్పటికీ గీత గీసినట్టు వేస్తుంది. ఇంకో అయిదేళ్లు ఆగి ఈ తరగతి పెడదామంటే నేర్చుకునే పిల్లలు ఉంటారు, నేర్పేవాళ్లు ఉండరు. చీర సింగారించుకునేలోపు పట్నం కొల్లబోయినట్టు అవుతుంది.

ఇక అభ్యంతరాలకు వస్తాను. దేన్నీ తేలిగ్గా కొట్టిపారెయ్యను.

మొదటిది, అన్నిటికన్నా బరువైంది. ఒక చెల్లెలు నాతో అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "అన్నా, మా అమ్మ బీడీలు చుట్టి చుట్టి నడుము పోగొట్టుకున్నది. నేను పీసుకింత అని యూనిఫాంలు కుట్టి కళ్లు పోగొట్టుకుంటున్న. నా బిడ్డ చేతిల సూది పడొద్దనే కదా ఇంత కష్టపడుతున్నది. నువ్వు మళ్లా సూదే ఇస్తవా?"

ఈ మాటకు నా దగ్గర తేలిక జవాబు లేదు. మన ఇళ్లలో పిల్లలు ఆడుకోవాల్సిన వయసులో కండెలు చుట్టారు, తంబాకు వాసనలో హోంవర్కు చేశారు. ఆ రోజులు మళ్లీ రావాలని కోరుకునేవాడు మూర్ఖుడు. 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదని 2016లో సవరించిన చట్టం చెప్తోంది. బడి అయ్యాక ఇంటి పనిలో సాయం చేయొచ్చు అనే మినహాయింపు కూడా అందులోనే ఉంది. ఆ మినహాయింపు చాటున ఎన్ని జరుగుతాయో మనకు తెలియనిది కాదు. అందుకే ఆ చెల్లెలి భయం నాకు అర్థమవుతుంది.

కానీ అమ్మా, నీ నడుము విరిచింది సూది కాదు. పీసు రేటు విరిచింది. రోజుకు ఇన్ని పీసులు దిగకపోతే కూలి రాని లెక్క విరిచింది. రాత్రి పదింటికి చేతికొచ్చి పొద్దున ఏడింటికి తయారై ఉండాల్సిన ఆర్డరు విరిచింది. వంట కూడా అంతే కదా. హోటలు పొయ్యి దగ్గర పద్నాలుగు గంటలు నిలబడ్డ మనిషి తన బిడ్డకు హోటలు పని వద్దనుకుంటాడు. బిడ్డకు అన్నం వండుకోవడం రాకూడదని మాత్రం అనుకోడు. మన బిడ్డను సూది కూలికి పంపకూడదు, నిజమే. సూదే తెలియకుండా పెంచడం వేరే సంగతి. తన బట్ట తాను బాగుచేసుకోగలిగిన బిడ్డ ఎవరికీ కూలి అవ్వదు.

ఇంకో మాట. చేతిపని అంటే చిన్నచూపు మనకు పుట్టుకతో వచ్చింది కాదు. మనల్ని చిన్నచూపు చూసినవాళ్ల దగ్గర నేర్చుకున్నాం. "మగ్గపోళ్లు" అని వెక్కిరిస్తే సిగ్గుపడి, ఆ సిగ్గునే పిల్లలకు ఆస్తిగా ఇస్తున్నాం. ఒక్క గజం కుట్టి చూసిన పిల్లవాడు పెద్దయ్యాక దర్జీ అక్కతో పది రూపాయలకు గీచి గీచి బేరం ఆడడు. తల్లి కుట్టిన యూనిఫాంలో ఎన్ని వేల టాకాలు ఉన్నాయో వాడికి తెలుస్తుంది. నాకు కావాల్సింది ఆ తెలివిడి.

రెండో అభ్యంతరం, "మొగపిల్లగానికి సూది ఇస్తరా?" అని. దీనికి నవ్వొస్తుంది. మన ఊళ్లో మగ్గం మీద కూర్చున్నవాళ్లు ఎవరు? ఎక్కువగా మగవాళ్లే. మన వీధుల్లో కత్తెర పట్టిన దర్జీలు ఎవరు? వాళ్లూ చాలామంది మగవాళ్లే. డబ్బులొస్తే మగపని, డబ్బులు రాకపోతే ఆడపని అని మనమే గీత గీసుకున్నాం. రేపు పుణేలో హాస్టల్లో ఉండబోయే పిల్లవాడికి గుండీ కుట్టడం రావాలా వద్దా? సూదికి ఆడా మగా తెలియదు. ఆడపిల్లలకు మాత్రమే పెడితే ఈ తరగతి వద్దేవద్దు, ఆ తీర్మానానికి నేనే వ్యతిరేకంగా చెయ్యెత్తుతాను.

మూడోది, "చదువు పాడవుతుంది" అని. చేతిపనిని చదువు మధ్యలో పెట్టాలని 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ ముందుకు తెచ్చారు. నయీ తాలీం అన్నారు. వడకడం, నేయడం అందులో ముఖ్యమైన పనులు. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలందరికీ వడ్రంగం, తోటపని, కుండలు చేయడం లాంటి పనుల రుచి చూపించాలంది. బస్తా లేకుండా బడికి వెళ్లే పది రోజులు ఉండాలంది. ఏ పనులు అనేది రాష్ట్రాలూ స్థానిక ప్రజలూ నిర్ణయించుకోవచ్చని కూడా అందులోనే ఉంది. షోలాపూర్‌లో స్థానిక పని అంటే బట్ట కాకపోతే ఇంకేమిటి? మన బడుల్లో కార్యానుభవ్ అని ఒక సబ్జెక్టు ఉండనే ఉంది. ఆ పేరుతో ఇచ్చిన రుమాలు ఎంతమంది ఇళ్లలో రాత్రి పదకొండింటికి తల్లే కుట్టి పంపుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మార్కులు పిల్లకు, పని తల్లికి.

లెక్కలు కూడా ఇందులోనే ఉన్నాయి. జాన అంటే ఇంచుమించు 9 అంగుళాలు. రెండు జానలు ఒక మూర, రెండు మూరలు ఒక గజం. గజం పొడవు, గజం వెడల్పు ఉన్న చిన్న బొంత కుట్టాలంటే జానెడు ముక్కలు వరసకు 4 చొప్పున 4 వరసలు, మొత్తం 16. కానీ ముక్క 9 అంగుళాలకే కత్తిరిస్తే బొంత తగ్గిపోతుంది. ఎందుకు? చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతుంది. కాబట్టి 10 అంగుళాలకు కత్తిరించాలి. ఇది నల్లబల్ల మీద చెప్తే ఆవలింతలు వస్తాయి. చేతిలో ముక్క పొట్టిగా మిగిలితే పిల్లవాడే అడుగుతాడు, ఎక్కడ పోయింది అని.

16 ముక్కలు కాబట్టి 16 మంది పిల్లలతో మొదలుపెడదాం. ఒక్కొక్కరు తమ ఇంటి నుంచి తెచ్చిన పాత బట్టలోంచి ఒక్కో ముక్క. 8 ఏళ్లు దాటినవారైతే మంచిది. ఎనిమిది ఆదివారాలు, పొద్దున గంటన్నర. మొదటి వారం సూదిలో దారం ఎక్కించడం, ముడి వేయడం, గోనెసంచి ముక్క మీద మొద్దు సూదితో తిన్నగా పోవడం. గోనె అల్లిక వదులుగా ఉంటుంది కాబట్టి గళ్లు కనిపిస్తాయి, వేళ్లకు పోట్లు తక్కువ. రెండో వారం గుండీ. గుండీ కింద అగ్గిపుల్ల పెట్టి కుట్టి, తర్వాత పుల్ల లాగేసి, ఆ వదులు మీద దారం చుట్టి బిగిస్తే గుండీ కాజాలో సుఖంగా కూర్చుంటుంది. ఈ చిట్కా తెలియని పెద్దవాళ్లు కూడా మనలో చాలామంది ఉన్నారు, వచ్చి నేర్చుకోవచ్చు. మూడో వారం అంచు మడిచి కుట్టడం. నాలుగో వారం చిరుగుకు మాసిక వేయడం, ఇంటి నుంచి తెచ్చుకున్న అసలైన చిరుగుకే. మిగతా నాలుగు వారాలు బొంత.

బొంతకు రెండు వేళ్ల ఎడంతో, అంటే అంగుళంన్నరకు ఒకటి చొప్పున వరసలు పోతే ఇంచుమించు 24 వరసలు. పదహారు మందికి తలా ఒకటిన్నర వరస. ఎవరికీ భారం కాదు, ఎవరూ ఖాళీగా కూర్చోరు. నలుగురు బొంత దగ్గర ఉంటే మిగతావాళ్లు గుండీలు, మాసికలు చేసుకుంటారు. ఒకరి వరస వంకర పోతే విప్పించవద్దు. బొంతలో వంకర వరస కూడా పట్టు ఇస్తుంది. అది ఎవరి వరసో వాళ్లకు గుర్తుంటుంది, అదే చాలు.

సూదులు లెక్కపెట్టి ఇవ్వాలి, లెక్కపెట్టి తీసుకోవాలి. ఒక్కటి తగ్గినా దొరికేదాకా ఎవరూ చాప మీంచి లేవకూడదు. ఎడమచేతి వాటం పిల్లల్ని నేర్పేవాళ్ల పక్కన కాక ఎదురుగా కూర్చోబెట్టాలి, అద్దంలో చూసినట్టు చూసి నేర్చుకుంటారు. చెయ్యి మార్చమని ఎవరూ గద్దించకూడదు. బొంత మందంగా ఉంటుంది కాబట్టి వేలికి తొడుక్కునే అంగుస్తాన్ తప్పనిసరి.

ఇవి కాక నావి మూడు షరతులు. వీటికి ఒప్పుకోకపోతే ఈ తరగతి పెట్టకపోవడమే మేలు.

ఒకటి, పిల్లలు కుట్టింది అమ్మకూడదు. "మంచి ఐడియా, వార్షికోత్సవంలో స్టాలు పెట్టి అమ్ముదాం, సంఘానికి నిధులొస్తాయి" అని ఒక సభ్యుడు మంచి మనసుతోనే అన్నారు. వద్దు. ఈ ఏడు ఒక బొంత అమ్మితే వచ్చే ఏడు పది అడుగుతారు, ఆ పై ఏడు పిల్లల చేతుల్లో మళ్లీ పీసు లెక్క మొదలవుతుంది. ఆ చెల్లెలికి నేను ఇచ్చిన మాట అది.

రెండు, పోటీ వద్దు, ప్రైజులు వద్దు, సర్టిఫికెట్లు వద్దు. అందరిదీ ఒకటే బొంత అయినప్పుడు ఫస్టు ఎవరు, సెకండు ఎవరు?

మూడు, నేర్పేవాళ్లకు డబ్బు ఇవ్వాలి. ఇది గట్టిగా చెప్తున్నాను. "మన అమ్మలే కదా, సేవగా చేస్తారు" అనే మాట నా ముందు అనకండి. ఆదివారం గంటన్నర వదులుకుంటే పీసు మీద కుట్టే మనిషికి ఆ పూట కూలి పోతుంది. డ్యాన్సు మాస్టారికి ఇస్తున్నాం, యోగా గురువుగారికి ఇస్తున్నాం. వాళ్లకిచ్చినంత ఈ అమ్మలకూ ఇవ్వాలి, కవర్లో పెట్టి, అందరి ముందు, మర్యాదగా. మన పిల్లలు ఆ కవరు చూడాలి. నానమ్మకు తెలిసిన పనికి కూడా విలువ కడతారని చూడాలి.

డబ్బు ఎక్కడిది అంటారు. నేనూ లెక్క చూసే మనిషినే. మన సభల్లో శాలువాలు ఎన్ని కప్పుతున్నామో గుర్తు తెచ్చుకోండి. ముఖ్య అతిథికి శాలువా, గౌరవ అతిథికి శాలువా, ఆయన వెంట వచ్చినాయనకు శాలువా, స్టేజీ మీద కుర్చీ దొరికిన ప్రతివారికీ శాలువా, మెమెంటో. ఆ శాలువా ఎవరైనా కప్పుకోగా చూశారా? ఈ సన్మానంలో వచ్చింది ఆ సన్మానంలో ఇంకొకరి భుజం ఎక్కుతుంది. చద్దర్ల ఊళ్లో ఉండి, నాలుగు ఉతుకులకు నిలవని ఆ శాలువాలు కొని తెస్తున్నాం! ఒక్క ఏడాది సగం శాలువాలు తగ్గించండి. ఎనిమిది ఆదివారాల ఖర్చు, సూది దారాలతో సహా, అందులో వెళ్లిపోతుంది. శాలువా కప్పితే తప్ప గౌరవం దక్కదనుకునే అతిథి ఎవరైనా ఉంటే నాతో చెప్పండి, నాకొచ్చినవి ఇంట్లో ఉన్నాయి, ఇచ్చేస్తాను.

మరి తయారైన బొంత ఏం చేస్తాం? నా ప్రతిపాదన ఇది. ఆ ఏడు మన సంఘం కుటుంబాల్లో ఆ తర్వాత పుట్టే మొదటి బిడ్డకు ఇద్దాం. పొత్తిళ్లలో బిడ్డకు మెత్తటి పాతబట్టే వాడడం మన ఇళ్లలో ఉన్నదే. కొత్తబట్ట ఒరుసుకుంటుందని పెద్దవాళ్లు అంటారు. పదహారు ఇళ్ల పాతచీరల మీద పడుకొని ఆ బిడ్డ పెరుగుతుంది. పెద్దయ్యాక ఆ బిడ్డే ఈ తరగతిలో కూర్చుంటే ఇంకా సంతోషం.

ఇక్కడ ఒక అమ్మ సున్నితమైన ప్రశ్న వేసింది. "మా అత్తమ్మ పోయి ఏడాది దాటింది, ఆమె చీర వేయొచ్చా? పసిబిడ్డ కిందికి పోయినవారి బట్ట అంటే ఎవరైనా ఏమన్నా అనుకుంటారేమో" అని. ఆ పట్టింపు ఉన్న ఇళ్లు మనలో ఉన్నాయి, వాళ్లను నొప్పించాల్సిన పని లేదు. అందుకని బిడ్డ బొంతకు బతికున్నవారి బట్టలే తీసుకుందాం. పోయినవారి చీరలతో రెండో ఏడు పెద్ద బొంత ఒకటి కుడదాం. దాన్ని సంఘం హాలులో ఉంచుదాం, చలికాలం సభల్లో ముసలివాళ్లు కాళ్ల మీద కప్పుకోవడానికి. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయొద్దు. బొంత వాడితేనే బొంత.

తెలుగులో "అతుకుల బొంత" అంటే వెక్కిరింపు మాట. సరిగ్గా కుదరని పనిని అలా అంటాం. మనమూ ఒక రకంగా అతుకుల బొంతలమే. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లిషు, పెళ్లి పత్రిక మూడు లిపుల్లో. హైదరాబాదు పోతే మహారాష్ట్రవాళ్లంటారు, ఇక్కడుంటే తెలుగువాళ్లంటారు. దానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కుట్టు గట్టిగా ఉంటే అతుకు బట్టకు బలమే. మనకు ఇప్పుడు కరువైంది ఆ కుట్టు వేసే చేతులు.

కార్యవర్గం ఈ ప్రతిపాదనను "పరిశీలనలో ఉంచుతాం" అనే పెట్టెలో పడేయకుండా ఓటుకు పెట్టాలని కోరుతున్నాను. వద్దనుకుంటే వద్దని చేతులెత్తండి, నేను ఏమీ అనుకోను. కావాలనుకునేవాళ్లు ఆ రోజు వచ్చేటప్పుడు రెండు పనులు చేయండి. ఇంట్లో పాత నూలు చీరో, పంచెనో ఒకటి గంజి లేకుండా ఉతికి, ఆరబెట్టి, మడిచి తీసుకురండి. సిల్కు, పాలిస్టరు వద్దు, సూది జారిపోతుంది, బొంత మెత్తబడదు. మీ ఇంట్లోనో వీధిలోనో బొంత కుట్టడం వచ్చినవారి పేరు ఒక చీటీ మీద రాసి ఇవ్వండి. వారిని ఆటోలో తీసుకొచ్చి దించే పూచీ నాది.

కర్ణాటక, ఒడిశా, తమిళనాడు, యానాంలో ఉండి ఇది చదువుతున్న బంధువులకు కూడా ఒక విన్నపం. మీ ఇళ్లలో దీన్ని ఏమంటారు, ఎలా కుడతారు, మూలలు ఎలా మడుస్తారు, మీ పెద్దవాళ్లను అడిగి రాయండి. మొదటి ఆదివారం పిల్లలకు చదివి వినిపిస్తాను.